కండ్లు దిద్దని బొమ్మ

ఆళ్లగడ్డ,
12 ఫిబ్రవరి 2025, బుధవారం.

గౌరవనీయులైన ఓబులేసు అన్నకు,

మీ పాప శ్రీవాణి క్లాసు టీచరు సుజాత నమస్కారాలు. ఇక్కడ నేను, మీ అమ్మ రామసుబ్బమ్మ, మీ పాప అందరం బాగున్నాం. తర్వాత మీరు కూడా క్షేమమని తలుస్తాను అని రాయాలి. చిన్నప్పుడు మా నాన్న నేర్పిన వరస అదే. కానీ ముక్కుకు గొట్టం పెట్టుకుని మంచం మీద ఉన్న మనిషికి ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఏమీ అనుకోకండి. మీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. మీ అమ్మ అహోబిలం స్వామికి మొక్కుకుంటూనే ఉంది. ఇద్దరిలో ఎవరి మొర ముందు చేరినా నాకు అభ్యంతరం లేదు.

ఫోన్లో మాట్లాడితే మీకు దగ్గు ఆగడం లేదని మీ దగ్గరున్న మా వదిన గోవిందమ్మ చెప్పింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మా తమ్ముడు బెన్నీ రేపు పని మీద నంద్యాల వస్తున్నాడు, వార్డులోకి వచ్చి మీ చేతికే ఇస్తాడు. అంతా ఒక్కసారే చదవక్కర్లేదు. ఆయాసం వస్తే దిండు కింద పెట్టుకుని మళ్లీ చదువుకోండి.

మొన్న ఆదివారం పాపను, మీ అమ్మను తీసుకుని నేను ఆస్పత్రికి వచ్చాను కదా. వాళ్లిద్దరూ అరటిపండ్లకని కిందికి దిగినప్పుడు మీరు నన్ను దగ్గరికి పిలిచి, పాపకు చెప్పొద్దు టీచరమ్మా, నాయన శివరాత్రికి ఇంటికొస్తాండాడని చెప్పు, నువ్వు చెప్తే నమ్ముతాది అన్నారు. రాతిదుమ్ముకు ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, ఇక మందులతో అయ్యేదేమీ లేదని డాక్టరు చెప్పిన మాట మీకు, గోవిందమ్మకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. మీ ముందు తల ఊపి వచ్చేశాను గానీ, ఆ మాట ఇంకా పాపకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేకపోయానో మీకు తెలియాలంటే మా బడిలో జరిగిన సంగతి మొదటి నుంచి రాయాలి.

మా బడిలో వారానికి రెండు మధ్యాహ్నాలు పఠన కార్యశాల జరుగుతుంది. ఆ పెద్ద పేరు పైనుంచి వచ్చింది. పిల్లలు బొమ్మల పీరియడ్ అంటారు, నేనూ అదే అంటాను. బొమ్మల పుస్తకం తీసుకుని, కింద ఉన్న మాటలను పాత క్యాలెండర్ కాగితంతో మూసేసి, బొమ్మ ఒక్కటే చూపిస్తాను. ఏం కనిపిస్తోంది, అలా ఎందుకు అనుకుంటున్నావు అని ఒక్కొక్కరినీ అడుగుతాను. అందరూ చెప్పాక కాగితం తీసి మాటలు చదువుతాం. ఆ పుస్తకాలు ఏ పట్నంలో గీస్తారో గానీ, ఒకదాంట్లో ఎద్దుకు మూపురం లేదు. మన పిల్లలు ఊరుకుంటారా! ఇది ఎద్దు కాదు టీచర్, గాడిదకు కొమ్ములు పెట్టినారు అని గోల గోల చేశారు. ఆ రోజు ఇక చదువు సాగలేదు.

అక్షరాల్లో మీ పాప కొంచెం వెనక. ఒత్తులు వస్తే ఆగిపోయి నా వైపు చూస్తుంది. బొమ్మల్లో మాత్రం క్లాసులో తనే ముందు. ఒక పుస్తకంలో ఒకామె వాకిట్లో నిలబడి పిల్లలతో నవ్వుతూ మాట్లాడుతుంటుంది. అందరూ ఆమె సంతోషంగా ఉంది అన్నారు. శ్రీవాణి ఒక్కతే, నవ్వుతాండాది గానీ ద్వారబంధం గట్టిగా పట్టుకొని ఉండాది, యాడికో పోయినోళ్లు ఇంకా రాలేదని భయపడతాండాది అంది. కాగితం తీసి చూస్తే నిజంగానే ఆమె భర్త వాగు దాటి ఇంకా రాలేదని రాసి ఉంది. నీకెట్లా తెలిసిందే అంటే, ఏ బొమ్మైనా ముందు చేతులు చూడమంటాడు మా నాయన అంది. అన్నా, అది మీరు నేర్పిన విద్యే. నేను చెప్పిందేమీ లేదు.

సంక్రాంతి సెలవులయ్యాక పిల్లలచేత సొంత పుస్తకాలు చేయించాను. ఇంట్లో ఒక మనిషిని ఎంచుకుని బొమ్మలు గీయాలి, కింద చేతనైన మాటలు రాయాలి. మీ పాప మిమ్మల్ని ఎంచుకుంది. అట్ట మీద మీ ముఖం, పైన మా నాయన అని పేరు. ఒక పేజీలో మీరు బండరాయి మీద కూర్చుని ఉలి పట్టుకున్నారు. ఒక పేజీలో టీ తాగుతున్నారు, మీ తలా మీసాలూ దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. ఇంకో పేజీలో పాపను సగం చెక్కిన నంది మీద కూర్చోబెట్టారు. సుత్తి, ఉలి, షెడ్డు రేకులు, టీ గ్లాసు అన్నీ ఉన్నాయి. మీ ముఖానికి కండ్లు మాత్రం లేవు. ఏ పేజీలోనూ లేవు. తర్వాత గీస్తుందిలే అని నేను పట్టించుకోలేదు.

కార్యశాల ఎలా జరుగుతోందో చూడడానికి నంద్యాల నుంచి అజయ్ కుమార్ సార్ వచ్చారు. మంచి మనిషి. కుర్చీ వేస్తే వద్దని పిల్లల మధ్య చాప మీద కూర్చున్నారు. నేను గొప్పగా మీ పాప పుస్తకమే ముందు ఆయన చేతికిచ్చాను. ఆయన ప్రతి పేజీ తిప్పి మెచ్చుకుని, ఒక్కటే తక్కువమ్మా అంటూ నల్ల స్కెచ్ పెన్ తీసుకుని అట్ట మీద మీ ముఖానికి రెండు కండ్లు దిద్దారు. చూడు, ఇప్పుడు మీ నాయన నిన్నే చూస్తున్నాడు అన్నారు.

శ్రీవాణి పుస్తకం లాక్కుంది. బొటనవేలు తడి చేసుకుని ఆ కండ్లను రుద్దింది. కాగితానికి చిల్లు పడేదాకా రుద్దింది. తర్వాత బీరువా వెనక సందులోకి పోయి కూర్చుంది. ఎంత పిలిచినా రాలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది. పెద్దాయన ముందు పరువు తీసిందని అనిపించింది. ఆ రోజు నుంచి బడికి వచ్చేది గానీ ఎవరితోనూ నోరు విప్పలేదు. కోడిగుడ్డు పెట్టినా కంచంలో వదిలేసేది.

ఇలా లాభం లేదని మీ ఇంటికి పోయాను. మీ అమ్మ వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. సంగతంతా విని కాసేపు నన్ను జాలిగా చూసింది. ఇన్నేండ్ల నుంచి ఈడనే ఉండావు, నీకు తెలీదా టీచరమ్మా అంది. విగ్రహానికి కండ్లు అన్నిటికన్నా కడాకు దిద్దుతారంట. విగ్రహాన్ని తీస్కపోయే లారీ వచ్చి షెడ్డు కాడ నిలబడినాకనే మీరు కండ్లకు ఉలి పెడతారంట. కండ్లు తెర్సినాక ఆ దేవుడు ఇంక ఈడ ఉండడు, పోవాల్సిందే అంది. పాప చిన్నప్పుడు ఆడుకున్న ఆంజనేయుడు అట్లనే లారీ ఎక్కి పోతే, అన్నం తినకుండా ఏడ్చిందని, అప్పటి నుంచి కండ్లు దిద్దొద్దు నాయనా అని మీ చెయ్యి పట్టుకునేదని చెప్పింది.

నాకు అప్పుడు అర్థమైంది. కండ్లు లేనంతవరకు మీరు ఎక్కడికీ పోరని ఆ పిల్ల అనుకుంటోంది. మీ ఇంటి ముందు బండ మీదే కూలబడి ఏడ్చాను. ప్రతి పిల్లనూ ఎందుకలా అనుకున్నావు అని అడిగేదాన్ని, ఈ పిల్లను అడగడానికి నాకు నోరెందుకు రాలేదో. అజయ్ కుమార్ సార్‌కు ఫోన్ చేసి చెప్పాను.

మరుసటి రోజు చిల్లు పడ్డచోట తెల్లకాగితం అతికించి ఇచ్చాను. మళ్లీ మీ ముఖం గీసింది, కండ్లు లేకుండానే. బాగుందని చెప్పి పుస్తకం తన చేతికే ఇచ్చేశాను. దాంతో మాటలు మొదలుపెట్టింది. ఇప్పుడు మామూలుగానే ఉంది. బడికొచ్చే దారిలో మీ షెడ్డు దగ్గర ఆగి, మూతికి గుడ్డ కట్టుకోకుండా రాయి కోస్తున్న ప్రదీప్‌ను తిట్టిందట. ఏందప్పా, నీకు బుద్ధి ల్యాదా, మా నాయనను చూసి గూడా నేర్చుకోవా అందట. పాపం, అతను వెంటనే తువ్వాలు తీసి కట్టుకున్నాడట.

ఇదీ సంగతి, అన్నా. మిమ్మల్ని నిలుపుకోవడానికి ఆ పిల్ల తనకు తెలిసిన ఒకే దారిలో ఇంత కష్టపడుతోంది. అలాంటి పిల్ల ముందు నిలబడి, శివరాత్రికి మీ నాయన వస్తాడు అని ఎలా చెప్పను? నాకు ఇష్టం లేదు. అయినా మీరు తండ్రి. బిడ్డ నవ్వుతూ ఉంటే చూడాలని అడిగారు. అది కాదనడానికి నేనెవరిని? రేపు పొద్దున చెప్పేస్తాను. నా మాట నిలుపుకుంటాను.

గోవిందమ్మను వేళకు తినమనండి. మీరు గంజి అయినా తాగండి. దేవుడు మీకు ఓర్పు ఇవ్వాలని కోరుకుంటూ,

మీ చెల్లెలిలాంటిది,
సుజాత.

తా.క. గురువారం, బడి నుంచి.

అన్నా, ఉత్తరం బెన్నీ చేతికి ఇవ్వబోయి మళ్లీ విప్పాను. పొద్దున ప్రేయర్ అయ్యాక మీరు చెప్పమన్నట్టే చెప్పాను. నవ్వు ముఖం పెట్టుకునే చెప్పాను. శ్రీవాణి విని, తన పుస్తకం తెచ్చుకుంది. నల్ల స్కెచ్ పెన్ అడిగి తీసుకుంది. మొదటి పేజీ నుంచి ఒక్కో బొమ్మకూ కండ్లు దిద్దుకుంటూ వచ్చింది. ఏం చేస్తున్నావే, నాయన శివరాత్రికి వస్తాడన్నాను కదా అన్నాను.

రాడు టీచర్, నాకు తెలుసు అంది. ఆదివారం మీ గోళ్లు నీలంగా ఉన్నాయట. తన వేలు పట్టుకోబోయి మీరు పట్టుకోలేకపోయారట. సుత్తి పట్టే చెయ్యి టీచర్ అది అంది. నేను కండ్లు దిద్దకుండా నిలిపినా గదా, అందుకే పోలేక ఆడ దగ్గుతాండాడు, పోనీలే టీచర్ అంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను. నీ వల్ల కాదే తల్లీ, దుమ్ము వల్ల అని ఎంత చెప్పినా నా మాట నమ్మడం లేదు. ఎందుకు నమ్ముతుంది, ఇప్పుడే కదా దాని ముందు అబద్ధం చెప్పాను. చివరికి ఒక్కటే అడిగింది. నిజం నీకు చెప్పినాడు గదా, నాకెందుకు చెప్పల్యా నాయన అంది.

ఆదివారం పొద్దున బస్సుకే పాపను తీసుకొస్తున్నాను. ఆ దగ్గు తన వల్ల కాదని మీ నోటితో మీరే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా వినదు. అంతవరకు ఉండండన్నా.