గీత పక్కన ఖాళీ

మామయ్యకి నమస్కారాలు.

ఫోన్లో నా మాట మీకు వినపడదు కనక ఉత్తరమే రాస్తున్నాను. మంచి కబురు. మా లైబ్రరీ కేటలాగులో మీ పుస్తకానికి నా చేత్తో కొత్త రికార్డు పెట్టాను. ఇన్నాళ్ళూ ఒకే రచయిత పేరు ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట పొడి అక్షరాలతో, ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసి పెట్టారు. ఇకనుంచి మనిషికి ఒక్కటే పేరు, పక్కన పుట్టిన సంవత్సరం. పేర్లన్నీ ఒక కంపెనీకి అప్పజెప్పాం. వాళ్ళు ప్రతి నెలా తమ పెద్ద జాబితాతో పోల్చి చూస్తారు. ఎవరి సంగతి ఏం మారినా మా దగ్గర దానంతట అదే మారిపోతుంది. మేం వేలు పెట్టక్కర్లేదు.

మీ పేరు ఎలా ఉందో అచ్చు తీసి పంపుతున్నాను. "చేతిపంపుల మరమ్మతు" రాసిన మీరు ఇక ఎవరితోనూ కలిసిపోరు.

ఊపిరితిత్తిలో గడ్డకి ఆపరేషన్ చెయ్యాలన్నారని అత్తయ్య చెప్పింది. ఆలస్యం చెయ్యకుండా సంతకం పెట్టెయ్యండి.

మీ మేనల్లుడు

తా.క. ఫ్రేము కట్టించుకుంటారేమోనని కాగితానికి అంచు వదిలాను.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవించి రాసేది.

కాగితం అందింది. నా పేరు, 1951, ఒక గీత. గీత తర్వాత ఏమీ లేదు. అచ్చు సరిగ్గా పడలేదేమోనని కిటికీ దగ్గర పెట్టి చూశాను. వెనక్కి తిప్పి చూశాను. అప్పుడు అర్థమైంది. ఒరేయ్, అది నా చావుకి అట్టేపెట్టిన చోటు కదూ? బస్సులో సీటు మీద జేబురుమాలు వేసినట్టు వేసి ఉంచావు. పైగా ఖాళీ నిండిందా లేదా అని ఒక కంపెనీ నెలనెలా వచ్చి చూసిపోతుందా?

డాక్టరు "భయమేం లేదండీ" అన్నప్పుడే నాకు గుబులు పట్టుకుంది. ఇప్పుడు ఇది చూశాక సంతకానికి చెయ్యి రావడం లేదు. నేను పెట్టిన మర్నాడే వాళ్ళు ఆ చోటు నింపేస్తారు. నీ దగ్గర దాపరికం ఎందుకు, నాకు భయంగా ఉందిరా. ముందు ఆ గీత తీసెయ్. అది తీసేదాకా నేను సంతకం పెట్టను.

మామయ్య

తా.క. ఇది రాస్తున్నది అత్తయ్యని. కవరు అంటించడం నా పని కనక ఈయన చూడరు. దగ్గుతూ రోజంతా ఆ కాగితమే చూస్తున్నారు. రెండు నెలలు దాటితే కోసినా లాభం లేదన్నాడు డాక్టరు, ఆ మాట ఈయనకి చెప్పలేదు. గీత తీస్తావో, ఆ ఖాళీలో మళ్ళీ ఈయన పేరే రాసి నింపుతావో నీ ఇష్టం. నాకు సంతకం కావాలి.

మామయ్యకి నమస్కారాలు.

ఆ గీత బతికున్న ప్రతి రచయితకీ ఉంటుంది. మా పై అధికారికి కూడా ఉంది. ఆయన నిక్షేపంగా ఉండి రోజూ నా మీద అరుస్తున్నారు. అయినా మీ మాట కాదనలేను. గీత ఒక్కటే తీస్తానంటే కంప్యూటర్ ఒప్పుకోలేదు. అందుకని పుట్టిన సంవత్సరం కూడా తీసేశాను. ఇప్పుడు నున్నగా ఉత్త పేరు మాత్రమే ఉంది. వచ్చే నెల కంపెనీ లెక్క కూడా అయ్యాక మీ వీధి చివర ఉన్న మా లైబ్రరీ శాఖకి వెళ్ళి చూసుకోండి. ఇక సంతకం.

మీ మేనల్లుడు

తా.క. సంవత్సరం లేకపోతే అదే పేరున్న ఇంకొకళ్ళతో కలిసిపోతారని పై అధికారి సణిగారు. మా మామయ్య పేరు ఇంకెవరు పెట్టుకుంటారండీ అన్నాను.

చిరంజీవి మేనల్లుడికి కీర్తిశేషుడైన మామయ్య దీవించి రాసేది.

శాఖకి వెళ్ళాను. మెట్ల మీద ఆయాసం తీర్చుకోవడానికి ఆగి ఆగి ఎక్కాను. అక్కడి అమ్మాయి నా పేరు కొట్టి, తెర చూసి, నన్ను చూసి, మళ్ళీ తెర చూసింది. నేను పోయి ఇరవై ఏళ్ళయిందట. పోయేముందు "గుర్రాల జబ్బులు" అని రెండు భాగాలు రాశానట. బండికి కట్టి ఉంటే తప్ప గుర్రం దగ్గరికి వెళ్ళి ఎరగను నేను! పాపం, నా పంపుల పుస్తకం ఆ రెంటి మధ్య ఇరుక్కుని ఉంది.

"మీరు ఆయన తాలూకానా అండీ?" అని అడిగింది. అవునన్నాను. ఏమనను మరి?

బయట అరుగు మీద కూర్చుని దగ్గు ముంచుకొచ్చేదాకా నవ్వాను. తర్వాత ఆలోచించాను. గీత ఉందని భయపడ్డాను. తీయించాను. తీయించగానే ఉన్నపళంగా పోయాను. ఇంక నన్ను చంపడానికి మీ కంపెనీకి మిగిలిందేముంది? అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్ళి సంతకం పెట్టేశాను. గురువారం కోస్తారు.

మామయ్య

తా.క. అత్తయ్యని. ఈ ఇరవై ఏళ్ళుగా నేను ఎవరికి వండిపెడుతున్నానో మీ కంపెనీని అడిగి చెప్పు. ఒక్క మాట, తప్పు అప్పుడే దిద్దకు. గురువారం దాకా ఈయన్ని అలాగే పోయి ఉండనీ. ఇప్పుడు బతికించావంటే మళ్ళీ భయపడతారు.

అత్తయ్యకి నమస్కారాలు.

గడ్డ మొత్తం తీసేశారన్న కబురు అందింది. ఆఫీసులో అందరి ముందూ ఏడ్చేశాను. కళ్ళు తుడుచుకుని మామయ్యని బతికించాను. గుర్రాలాయన్ని వేరుచేసి, మామయ్యకి 1951 తిరిగి పెట్టి, నన్ను అడక్కుండా ముట్టుకోవద్దని కంపెనీకి గుర్తు కూడా పెట్టాను. గీత మళ్ళీ వచ్చింది, కోప్పడవద్దని చెప్పండి.

ఇదంతా మీ వల్లే జరిగింది. మీకేం అత్తయ్యా, మీరు గట్టి మనిషి.

మీ మేనల్లుడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవించి రాసేది.

నువ్వు వచ్చి వెళ్ళాక ఇంట్లో మాట్లాడే దిక్కు లేక రాస్తున్నాను. అప్పుడు వచ్చిపోయేవాళ్ళ మధ్య నీతో మాట్లాడటం కుదరలేదు. అందరం నా ఊపిరితిత్తి చుట్టూ చేరాం. నేను, నువ్వు, డాక్టరు, ఆఖరికి మీ కంపెనీ కూడా. మీ అత్తని ఎవరూ చూడలేదు. నన్ను ఇంటికి పంపిస్తామన్న రోజు పొద్దున్న, వార్డు బయట బల్ల మీద, నా చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. గుండె అన్నారు. కొన్నాళ్ళుగా నొప్పి ఉండే ఉంటుందన్నారు. నాతో ఒక్కసారి అనలేదురా. నా సంతకం కోసం అంత తాపత్రయపడింది, తన కోసం ఒక మాత్ర అడగలేదు. ఆవిడ మీద కోపంగా ఉంది. నా మీద ఇంకా ఎక్కువగా ఉంది.

ఒక పని చేసిపెట్టు. పంపుల పుస్తకంలో బొమ్మలన్నీ ఆవిడ గీసినవే. నేను పంపు విప్పి సామానంతా నేల మీద పరిస్తే, పక్కన చతికిలబడి ఒక్కొక్కటీ గీసేది. అచ్చు వేయించినప్పుడు ఆ ముక్క వెయ్యాలని నాకు తోచలేదు. నా పేరు కింద ఆవిడ పేరు కూడా చేర్చు. ఆవిడకంటూ విడిగా ఒక రికార్డు పెట్టు, అందరికీ పెట్టినట్టే.

మామయ్య

తా.క. గీత తర్వాత ఏం వెయ్యాలో నీకు తెలుసు. గీతకి ముందు ఏం వెయ్యాలో నాకు తెలియదు. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడు పుట్టావని అడగలేదు. ఆవిడ పెట్టె అంతా వెతికాను, కాగితం ఏదీ లేదు. ఆవిడ వైపు వాళ్ళెవరూ మిగల్లేదు. అందరి మీదా కన్నేసి ఉంచుతారుగా, మీ కంపెనీవాళ్ళని అడిగి చూడు. తెలిస్తే నాకూ ఒక ముక్క రాయి.