పాస్‌వర్డ్‌లో పేరు ఉండకూడదు

10 జూన్ 2007, ఆదివారం

మా ఆయన పట్టాభిరామన్‌గారు ఊళ్ళోనే మురుంగపాక్కంలో వేరే గది తీసుకుని వెళ్ళిపోయిన తర్వాత ఈరోజే మా లాస్‌పేట ఇంటికి రావడం. నా కోసం కాదు, బ్యాంకు కోసం. నా స్కూలు జీతం కూడా ఇన్నాళ్ళూ ఆయనే చూసుకునేవారు. "ఇంకమీద నీ అకౌంటు నీది. నెట్ బ్యాంకింగ్ నేర్పిస్తా, క్యూలో నిలబడే పని లేదు" అన్నారు. చెప్పులు విడిచి, నేను రమ్మనేదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. సొంత ఇంటి గుమ్మం దగ్గర.

మెయిల్‌లో వచ్చే లింకు నొక్కకూడదట. బ్యాంకు అడ్రసు మనమే టైప్ చేయాలట. తాళం బొమ్మ ఉందో లేదో చూడాలట.

11 జూన్

యూజర్ ఐడీ గుర్తు లేదు. మౌస్ మీద ఆయన చెయ్యి గుర్తుంది.

17 జూన్, ఆదివారం

పాస్‌వర్డ్ పెట్టమన్నారు. టైప్ చేశాను. స్క్రీన్ మీద చుక్కలే వచ్చాయి. ఏం పెట్టావని అడిగారు.

"జయంతి" అన్నాను.

పాప దగ్గు, జ్వరంతో పోయి రెండేళ్ళు. అప్పటినుంచి ఆ పేరు ఈ ఇంట్లో ఎవరమూ పలకలేదు. పలక్కుండా, పలక్కుండా, చివరికి మా మధ్య మాటలే లేకుండా పోయాయి. ఆయన కిటికీ వైపు తిరిగారు.

"ఇంట్లోవాళ్ళ పేర్లు పెట్టకూడదు భువనా. ఎవురైనా కనుక్కొంటారు. ఇంకొకటి పెట్టు. యాడా రాయొద్దు, నాకు కూడా చెప్పొద్దు."

చెరిపాను. ఒక్కో చుక్కా పోతుంటే ఏడుపు ఆగలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేశారు. వెంటనే తీసేశారు.

20 జూన్

మూడుసార్లు తప్పు కొడితే అకౌంట్ లాక్ అవుతుందని చెప్పారు. కొట్టాను. మూడుసార్లూ కావాలనే. తర్వాత ఆయనకు ఫోన్ చేశాను.

24 జూన్, ఆదివారం

ఆయన వచ్చి చూశారు. కొత్త పాస్‌వర్డ్ పోస్టులో రావాలట. అంటే ఆయన ఇంకోసారి రావాలి! వంకాయ పులుసు చేశాను. మళ్ళీ అడిగి వేయించుకున్నారు. ఇంత సంతోషం నాకు మంచిది కాదు.

8 జూలై, ఆదివారం

బ్యాంకు నుంచి వచ్చిన కవరు చించకుండా చేతిలో పెట్టుకుని అడిగారు. "నిజం చెప్పు. మర్చిపోయినావా, కావాలనే చేసినావా?"

కావాలనే అన్నాను. ఇక్కడే ఉండిపొమ్మన్నాను.

"ఈ ఇంట్లోకి వస్తే పాప దగ్గే వినిపిస్తా ఉంది నాకు. నేనేం చేసేది, చెప్పు?"

"నాకు మాత్రం వినిపించదా?"

ఆయన ఏడ్చారు. పాప పోయిన రోజు కూడా ఆయన ఏడవగా నేను చూడలేదు. పక్కన కూర్చున్నాను. కాసేపు ఇద్దరం ఒకే చోట ఏడ్చాం. ఇక వెళ్ళరనుకున్నాను. ముఖం కడుక్కుని వచ్చి, కారైకాల్‌కు ట్రాన్స్‌ఫర్ తానే అడిగి తీసుకున్నానని చెప్పారు. గురువారమే ప్రయాణం.

తర్వాత బిల్లు కట్టడం నేర్పించారు. నేర్చుకున్నాను. ఇంకేం చేయను.

22 జూలై, ఆదివారం

ఆయన కారైకాల్ వెళ్ళి పది రోజులు. ఫోన్ బిల్లు నేనే కట్టాను. పని అయిపోయినట్టు పచ్చ టిక్కు వచ్చింది.

"వచ్చిందండీ" అని వెనక్కి తిరిగాను.