వెన్నెముక గడిలో డిటో

బడిపిల్లల ఆరోగ్య తనిఖీ అధికారి గారి సముఖమునకు, బడి ఎదుటి వీధిలో యూనిఫారాలు కుట్టే టైలరు సమర్పించుకొను మూడో అర్జీ.

అయ్యా,

విషయం: తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఆరోగ్య కార్డులో 'మామూలు' అన్న మాట కొట్టివేసి, పెద్దాసుపత్రికి చీటీ ఇప్పించుట గురించి.

1. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. వాళ్లమ్మ తల కడుగుతుండగా పిల్ల ముందుకు వంగితే వీపు ఒక పక్క ఎత్తుగా లేచింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి చూశారు. "వెన్నెముక పక్కకు వంగింది. రెండేళ్ల కిందట తెచ్చుంటే వీపుకు బెల్టు కడితే ఆగేదయ్యా. ఇప్పుడిక ఆపరేషనే. అదీ ఆలస్యం చెయ్యకుండా" అన్నారు. పెద్దాసుపత్రి వరుసలో పేరు ఎక్కాలంటే తమ కార్యాలయపు చీటీ ఉండవలెను.

2. బడిలో ఏటా తనిఖీ జరుగుచున్నది. ఆరో తరగతి నుంచి నాలుగేళ్లూ మా అమ్మాయి కార్డులో వెన్నెముక గడిలో 'మామూలు' అని ఉన్నది. కార్డులు నింపేది తరగతి పట్టీ చూసి. ఈ ఏటి పట్టీ టీచరమ్మ చూపించారు. మొదటి పిల్ల పేరు ఎదుట 'మామూలు' అని రాసి, కింద నలభై ఒక్క మందికీ డిటో గుర్తులు పెట్టారు. కాలు విరిగి తనిఖీ జరిగిన వారమంతా ఇంట్లో పడుకున్న పిల్లకూ డిటోనే.

3. ఎలా చూశారని అమ్మాయిని అడిగాను. "నాలుక చాపమన్నారు. కళ్లు చూశారు. వెనక్కి తిరగమని, చొక్కా మీదే ఓసారి చూసి పొమ్మన్నారు నాన్నా" అంది.

4. ఏటా అదే నెలలో యూనిఫారం కోసం నేనూ కొలతలు తీస్తాను. భుజం నుంచి నడుముకు కుడి ఎడమల తేడా ఆరో తరగతిలో లేదు. ఏడులో పావంగుళం. ఎనిమిదిలో ముప్పావు. ఇప్పుడు తొమ్మిదిలో అంగుళమున్నర. కొలతల పుస్తకం జతచేశాను. అందులో ఎక్కడా డిటో లేదు. ఒకరి కొలత ఇంకొకరికి వేస్తే చొక్కా పట్టదు.

5. పిల్లను వెంటబెట్టుకుని తమ కార్యాలయానికి మూడుసార్లు వచ్చాను. గుమాస్తా గారు కార్డు చూసి, "మామూలు అని ఉందిగా. మామూలు పిల్లకి చీటీ ఎలా రాస్తామయ్యా?" అన్నారు.

"పిల్ల ఇక్కడే ఉంది సార్, చూడండి."

"పిల్లని చూసేది డాక్టరు. నేను చూసేది కార్డు."

"అయితే కార్డు దిద్దించండి."

"మళ్లీ తనిఖీ జరిగితేనే దిద్దేది. అది వచ్చే ఏడాది."

మొదటి అర్జీకి 'కార్డు ప్రకారం మామూలు' అని జవాబు వచ్చింది. రెండో దానికి 'పై విధంగానే' అని వచ్చింది.

6. దీనికీ అదే వస్తుందని ఎరుగుదును. అయినను ఒక సంగతి. అదే పుస్తకంలో ఏడో తరగతి ఆడపిల్లలు ఇద్దరికి పావంగుళం చొప్పున తేడా ఉన్నది. పేర్లు వేరే కాగితంలో రాశాను. లేడీ డాక్టరమ్మ చేత, వీపు మీద గుడ్డ లేకుండా, ముందుకు వంగించి పరీక్ష చేయించవలెను. వాళ్లకింకా బెల్టు సరిపోవచ్చు.

పుస్తకంలోని అంకెలనూ, కుదిరితే పిల్లనూ తాము స్వయంగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
టైలరు

తా.క.: అర్జీ మా అమ్మాయి చదివింది. "అంతా రాశావు గానీ, చొక్కా సంగతి రాయలేదేం నాన్నా?" అంది. రాస్తున్నాను. ఏడో తరగతి నుంచీ ఆమె చొక్కాలకు ఎడమ భుజం లోపల గుడ్డ మడతపెట్టి కుట్టి, రెండు భుజాలూ సమం చేసింది నేనే. ఏడులో ఒక మడత, ఇప్పుడు నాలుగు. కార్డులో మామూలని ఉంది గదా, సంచీ మోసి భుజం జారిందనుకున్నాను. ఆ చొక్కా మీద చూస్తే ఏ డాక్టరుకూ తేడా తెలియదు సార్. నేను పని బాగా చేస్తాను.