మా ఆయన ఇంట్లో లేరండి

జగ్గయ్యపేట,
జూన్ 4.

నందిగామ సింధూర హెయిర్ క్లినిక్, డాక్టర్ ప్రేమానందం గారికి నమస్కారం.

నా వయసు యాభై ఆరు. డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పేవాణ్ణి. ఈమధ్యే మానేశాను. నిరుడు అక్టోబరులో నా భార్య ప్రమీలారాణి డెంగీతో పోయింది. పిల్లలు లేరు. కర్మ నేనే చేశాను. పదో రోజున ముక్త్యాల రేవులో గుండు చేయించారు. అంతకుముందు నాది ఒత్తయిన జుట్టు. ఆ తర్వాత నూగు వచ్చి ఆగిపోయింది.

మనిషి రక్తం తీసి, మిషన్లో తిప్పి, అందులో మంచిది తలకి ఎక్కించే వైద్యం మీ దగ్గర ఉందని కరపత్రంలో చదివాను. అక్టోబరులో సంవత్సరీకం. ఆలోగా నాకు జుట్టు రావాలి. ఇంట్లో మనిషి నన్ను గుర్తుపట్టాలి. వస్తుందో రాదో ఉన్నమాట రాయండి.

ఇట్లు,
జగన్నాథరావు

తా.క. ఫోను చేయవద్దు, నేను ఎత్తను. బజారులో నా తల చూసి ఇంకెవరో పోయారనుకుంటున్నారు. ఎవరో చెప్పమని ఫోన్లు చేస్తున్నారు.


నందిగామ,
జూన్ 10.

జగన్నాథరావు గారికి రాజ్యశ్రీ నమస్కారాలండి.

నేను క్లినిక్‌లో కౌన్సెలర్‌ని. మాకు ఉత్తరం రావడం ఇదే మొదలండి. డాక్టరుగారు కోర్టు నోటీసేమోనని నాచేత విప్పించారు.

దీన్ని పీఆర్పీ అంటారండి. మీ చేతి నుంచి కొంచెం రక్తం తీస్తాం, తిప్పుతాం, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న పసుపు నీరు పైకి తేలుతుంది. దాన్ని సన్న సూదితో మాడులోకి ఇస్తాం. నెలకొకటి చొప్పున మూడు సిట్టింగులు. గ్యారంటీ లేదండి, కుదుళ్ళు బతికుంటేనే పని చేస్తుంది.

ఇంట్లో మనిషి అన్నారు, అర్థమైందండి. సంవత్సరీకం కాగానే ముహూర్తం అన్నమాట. ఇందులో సిగ్గుపడేదేం లేదు. మా దగ్గరికొచ్చే వాళ్ళలో సగంమంది పెళ్ళిచూపుల వాళ్ళే.

మీ రాక కోసం చూసే,
రాజ్యశ్రీ

తా.క. ఒకవేళ సంబంధం ఇంకా ఖాయం కాకపోతే, పెనుగంచిప్రోలులో మా పిన్ని ఉంది. టీచరు. ఒంటరిది. ఊరికే చెప్తున్నా.


జగ్గయ్యపేట,
జూలై 3.

రాజ్యశ్రీ గారికి నమస్కారం.

మొదటి సిట్టింగు జూన్ పదిహేనున అయింది. మీ టెక్నీషియన్ ట్యూబు ఎత్తి చూపించి, "ప్లేట్‌లెట్లన్నీ ఇక్కడే ఉన్నాయి సార్, బంగారం" అన్నాడు. నిరుడు విజయవాడలో వీటి కోసం ఆస్పత్రులన్నీ తిరిగాను. నావి తీసుకోమన్నాను. గ్రూపు కలవదన్నారు. ఇప్పుడు నా నెత్తికి పనికొచ్చాయి.

మీరు అనుకున్నది తప్పు. పెళ్ళి లేదు. నన్ను గుర్తుపట్టవలసింది నా భార్యే. మార్చి నుంచి వస్తోంది. మధ్యాహ్నం, ఊరంతా భోంచేసి పడుకున్న వేళ, వంటింటి గుమ్మంలో నిలబడుతుంది. నన్ను చూసి కొంగు సర్దుకుంటుంది. "మా ఆయన ఇంట్లో లేరండి. సాయంత్రం రండి" అంటుంది. "ప్రమీలా, నేనే" అంటాను. తలుపు దగ్గరగా వేస్తుంది.

తప్పు ఆవిడది కాదు. బతికుండగా నన్ను గుండుతో చూడలేదు. సంవత్సరీకం పెడితే ఇక రాదని పురోహితుడు చెప్పాడు. అందుకే నా తొందర.

ఇట్లు,
జగన్నాథరావు

తా.క. ఆవిడ చెప్పినట్టే సాయంత్రం దాకా బస్టాండులో కూర్చుంటున్నాను. ఫ్యాన్లు బాగానే తిరుగుతున్నాయి.


నందిగామ,
జూలై 12.

పెద్దలు జగన్నాథరావు గారికి నమస్కారాలండి.

మీ ఉత్తరం చదివి రిసెప్షన్లోనే ఏడ్చేశా. జుట్టు రాలిన పేషెంట్లు కూడా నాతో ఏడ్చారు. డాక్టరుగారు మిమ్మల్ని విజయవాడలో మనసు డాక్టరుకి చూపించుకోమన్నారు. నేను మాత్రం దీనికి కావలసింది మనిషి తోడు అన్నాను. వేళకి తినక, ఎవరితో మాట్లాడక ఇలాంటివి కనిపిస్తాయండి.

అంచేత ఈ ఆదివారం మా పిన్ని మీ ఇంటికి పులిహోర తెస్తుంది. పెళ్ళిచూపులు కాదు, పులిహోర మాత్రమే.

మీ మేలు కోరే,
రాజ్యశ్రీ

తా.క. పిన్నికి మౌనంగా ఉండేవాళ్ళంటే గౌరవం. ఖాళీ లేకుండా తనే మాట్లాడుతుంది.


జగ్గయ్యపేట,
జూలై 15.

రాజ్యశ్రీ గారికి నమస్కారం.

మీ ఉత్తరం సోమవారం అందింది. ఆదివారం మధ్యాహ్నం నేను మామూలుగా బస్టాండులో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి గడప మీద స్టీలు డబ్బా ఉంది. మూత తీసే ఉంది. చీమ కూడా పట్టలేదు. మీ పిన్నిగారి శ్రమకు కృతజ్ఞతలు.

ఇట్లు,
జగన్నాథరావు

తా.క. డబ్బాలోంచి ఒక్క పచ్చిమిరపకాయ తీసి పక్కన పెట్టి ఉంది. ప్రమీల కారం తినదు.


నందిగామ,
జూలై 20.

జగన్నాథరావు గారికి.

నమస్కారం రాయడానికి మనసు రావడం లేదండి. ఇంట్లో భార్యని పెట్టుకుని పోయిందని రాస్తారా? ఆవిడకి కర్మ కూడా చేశానంటారా? అదీ చదువు చెప్పినాయన!

మా పిన్ని తలుపు కొడితే ఆవిడే తీసింది. "మా ఆయన ఇంట్లో లేరండి" అందట. పాపం మా పిన్ని ముఖం చెల్లక, రెండు మాటలు విని డబ్బా గడప మీదే పెట్టేసి వచ్చింది. మనిషి మర్యాదస్తురాలట. పైన ఫ్యాను గిర్రున తిరుగుతున్నా ఆవిడ కొంగు మాత్రం కదల్లేదట. గంజి అంత బాగా పెట్టుకునే ఆవిడని బతికుండగానే చంపేశారు మీరు!

రెండో సిట్టింగు అయిపోయింది కాబట్టి చేసేదేం లేదు. మూడోది ఆపేయమన్నారు డాక్టరుగారు.

రాజ్యశ్రీ

తా.క. డబ్బా తిరిగి పంపండి.


జగ్గయ్యపేట,
జూలై 24.

రాజ్యశ్రీ గారికి నమస్కారం.

మరణ ధ్రువపత్రం నకలు, డబ్బా ఇందుతో పంపుతున్నాను.

అయితే మీ పిన్నిగారికీ కనిపించింది. నాకు చాలా ఊరట కలిగింది. దయచేసి ఆమెను అడిగి కొన్ని సంగతులు రాయండి. కట్టుకున్నది ఆకుపచ్చ చీరేనా? దగ్గుతోందా? ఆస్పత్రిలో చివరికి దగ్గు ఎక్కువైంది. మీ పిన్నిగారిని కూర్చోమందా? నన్ను ఒక్కసారీ కూర్చోమనలేదు.

ఇట్లు,
జగన్నాథరావు

తా.క. వాళ్ళాయన గురించి ఇంకేమైనా అందా?


నందిగామ,
ఆగస్టు 2.

జగన్నాథరావు గారికి భయభక్తులతో నమస్కారాలండి.

నకలు చూశాక పిన్ని మంచమెక్కింది. ఎదురింటావిడ కొంగు గాలికి ఎగిరితేగానీ మాట్లాడటం లేదు. మంచం మీంచే మీ ప్రశ్నలకి జవాబులు చెప్పింది. చీర ఆకుపచ్చదే. దగ్గలేదు. కూర్చోమంది, కుర్చీ కూడా వేసింది.

మీ గురించి ఏమందని అడిగారు కదా. "మా ఆయన చాలా మంచివారండి. ఏం చెప్పినా ఊఁ అంటారు. అందుకని చెప్పాలనుకున్నవి చాలావరకు చెప్పకుండానే ఉండిపోయా" అని నవ్విందట.

డాక్టరుగారు మూడో సిట్టింగు చేస్తామన్నారు. ఫొటోల్లో జుట్టు బాగా కనిపిస్తోందట. మా క్లినిక్‌లో ఇంత బాగా వచ్చింది మీకేనండి. ముందూ తర్వాతా ఫొటోలు బోర్డు మీద వేసుకుంటాం, ఒప్పుకోండి.

మీ దీవెనలు కోరే,
రాజ్యశ్రీ

తా.క. దయచేసి మీరొక్కరే రండి.


జగ్గయ్యపేట,
అక్టోబరు 21.

రాజ్యశ్రీ గారికి నమస్కారం.

మూడో సిట్టింగు తర్వాత జుట్టు బాగా వచ్చింది. దువ్వెన పట్టేంత. డాక్టరుగారి చెయ్యి మంచిది. అయినా ఇకమీదట నాకు మీ వైద్యం వద్దు. కారణం రాస్తాను.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఆవిడ మామూలుగా "మా ఆయన ఇంట్లో లేరండి" అంది. ఈసారి నేనే అని చెప్పలేదు. "ఆయన ఎలాంటివారండి?" అని అడిగాను. కాసేపు ఆలోచించి కుర్చీ వేసింది.

అప్పట్నుంచి రోజూ మాట్లాడుతోంది. పెళ్ళయిన కొత్తలో పరిటాల దగ్గర మా బస్సు చెడిపోయింది. అందరూ డ్రైవర్ని తిడుతుంటే, నేను రోడ్డు పక్క కంపచెట్టు చూపించి దాని లాటిన్ పేరు చెప్పానట. ఆవిడకి నేను నచ్చింది అప్పుడేనట. నాకు గుర్తే లేదు. "ఈ మాట ఆయనతో ఎప్పుడైనా అన్నారా?" అని అడిగాను. "అమ్మో, ఆయనతోనా? ఊఁ అనేసి పేపరు తిప్పుతారు" అంది. ముప్పై ఏళ్ళు ఒక ఇంట్లో ఉన్నాం. ఆవిడ ఇంత నవ్వుతుందని నాకు తెలియదు.

సెప్టెంబరు ఆఖర్న ఒక మధ్యాహ్నం ఏదో చెబుతూ నా తల వైపు చూసి ఆగిపోయింది. ముఖంలో నవ్వు పోయింది. లేచి నిలబడి, "వచ్చారా, అన్నం వడ్డిస్తా" అంది. ఇంకో మాట లేదు. నేను ఆరు నెలలుగా ఎదురుచూసిన మాట అదే. కానీ దానితో కబుర్లు ఆగిపోయాయి. మర్నాడు తెరిచీ తెరవకముందే సెలూనుకి వెళ్ళి గుండు చేయించుకున్నాను. ఆ మధ్యాహ్నం మళ్ళీ కొంగు సర్దుకుని, కుర్చీ వేసి, ఆపిన చోటు నుంచి చెప్పింది.

మొన్న సంవత్సరీకం అయింది. నున్నటి తల చూసి పురోహితుడు నా భక్తిని మెచ్చుకున్నాడు. పిండం పెట్టి ఇంటికొచ్చి, మధ్యాహ్నం దాకా కూర్చోలేక నిలబడే ఉన్నాను. వచ్చింది. భర్త చేత్తో పిండం పెడితే వెళ్ళిపోతుందన్నారు. ఆవిడ లెక్కలో భర్త ఇంకా ఇంటికి రాలేదు.

ఫొటోలు బోర్డు మీద వేయకండి. జుట్టు రాకుండా చేసే వైద్యం ఏదైనా ఉంటే డాక్టరుగారిని అడిగి వెంటనే రాయండి. నాది చాలా త్వరగా పెరుగుతోంది.

ఇట్లు,
జగన్నాథరావు

తా.క. ఆవిడ నా పేరడిగితే తోచక డాక్టరుగారి పేరు చెప్పాను, క్షమించమనండి. నిన్న నేను లేవబోతుంటే గుమ్మం దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంది: "ప్రేమానందం గారూ, మీరిలా రోజూ వచ్చి కూర్చుంటున్నట్టు మా ఆయనకి తెలియనివ్వకండి. పైకి అనరు గానీ, బాధపడతారు." తెలియనివ్వనని మాటిచ్చాను.