అమ్మ నీతో అన్న మాట

చెల్లీ,

నిన్న సాయంత్రం నాలుగున్నరకు కౌన్సెలర్ గదిలో అమ్మ నీ చెయ్యి పట్టుకుని, "చిన్నప్పుడు నిన్ను పిన్ని ఇంట్లో వదిలెయ్యడం నా తప్పే తల్లీ, మనసులో పెట్టుకోకు," అంది. నువ్వు ఏడ్చావు. పక్క కుర్చీలో నేనూ ఉన్నాను. నాకు సంతోషం కలగలేదు, కుళ్లు పుట్టింది.

నువ్వు అక్కడ అమ్మ కోసం బెంగపెట్టుకున్న ఆ నాలుగేళ్లూ నేను అమ్మ దగ్గరే ఉన్నాను. ఆఫీసు మీద కోపం, నాన్న మీద కోపం అన్నీ నా వీపు మీదే తీర్చుకునేది. ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వేమో ఇప్పటికీ, "నీకేమే అక్కా, అమ్మ దగ్గర పెరిగావు," అంటావు.

నిన్న బయటికి రాగానే అమ్మ నాతో అన్నది ఒకటే. "కారు తియ్యవే, ఎంతసేపు నిలబెడతావు?"

మిమ్మల్ని దింపేశాక కౌన్సెలర్‌కు ఫోన్ చేశాను. "అమ్మను క్షమించాలనే ఉందండీ. కానీ చెల్లితో అన్న ఆ మాట నాకూ కావాలి," అన్నాను.

"చెల్లెలి మీద కుళ్లుగా ఉందని ముందు తనకే చెప్పండి," అన్నారావిడ. అందుకే ఈ ఉత్తరం.

ఈసారి మనిద్దరమే కౌన్సెలర్ దగ్గరికి వెళ్దామని అమ్మను అడిగాను. "నీకేం తక్కువైందే, నా దగ్గరే పెరిగావుగా," అంది. అయినా వస్తానంది.

గురువారం నాలుగు గంటలకు అమ్మా నేనూ వెళ్తున్నాం. నువ్వుంటే అమ్మ నీ వైపే తిరుగుతుంది. ఆ రోజు నువ్వు రావద్దు.

నీ అక్క