లోపలి స్విచ్

జూన్ 8, 2025. ప్రొద్దుటూరు.
ఓబులేసు వచ్చాడు. తొండూరు పక్క పల్లెలో గుడి ముందు డప్పు కొట్టే మనిషి. తాత కాలం నుంచి అదే పని. ఆ పనికి బదులుగా రెండెకరాల మాన్యం. డప్పు మోగినన్నాళ్లే భూమి. బోరు వేసి చీనీ చెట్లు, అదే బత్తాయి, పెట్టుకున్నాడు. ఇప్పుడు కాపు మీదున్నాయి.

గుడి కమిటీ చైర్మన్ నాగేంద్ర ఒక మిషన్ తెచ్చి బిగించాడట. కరెంటు పెడితే డప్పు, తాళాలు, గంట, అన్నీ ఒకేసారి. ఇంగ నువ్వు కొట్టే పన్లేదు, తోట ఇడ్సిపెట్టు అన్నాడట.

నువ్వు ప్లీడరువి గదా సామీ, నా తోట నిలబెట్టు అన్నాడు ఓబులేసు. సామీ అనొద్దంటే వినడు. దేవుణ్ని నమ్మక గుడి గడప తొక్కని వాణ్ని నేను. కేసు తీసుకున్నాను.

జూన్ 15.
పల్లెకు పోయాను. గుడి బయట అరుగు మీద పంచాయితీ. నాగేంద్ర మర్యాదగా మజ్జిగ ఇప్పించాడు. తర్వాత సెల్ తీసి, పత్రికలో వచ్చిన నా వ్యాసమే పైకి చదివాడు. కులవృత్తి బానిసత్వం, మాదిగ మెడలోంచి డప్పు దించాలి. మీరు రాసిందే గదా రావు సారూ, దించినాం, ఇంగేంది మీ బాధ అన్నాడు. జనం పకపకా నవ్వారు.

అవును, నేనే రాశాను. మళ్లీ రాస్తాను. డప్పు దించమన్నాను గానీ భూమి లాక్కోమన్నానా? మూడు తరాలు బయట నిలబెట్టి కొట్టించుకున్నందుకు ఆ భూమి ఎప్పుడో అతని పేరు మీద పడాల్సింది. ఆ మిషన్ మనిషికి విశ్రాంతి ఇవ్వడానికి రాలేదు. బోరు మీద కన్నేసి వచ్చింది. ఇదంతా అక్కడే అరిచాను. గొంతు పోయింది.

వస్తుంటే ఓబులేసు భార్య పెంచలమ్మ ఎదురొచ్చింది. సామీ, అంత రాసినోడివి, మా తోట గురించి గూడా ఒక ముక్క రాసింటే నీ సిరా అయిపోతాండెనా అంది.

జూన్ 16.
మాన్యాల చట్టం పుస్తకాలు తిరగేశాను. దారి దొరకలేదు.

జూలై 2.
దొరికింది. మాన్యానికి షరతు సేవ. సేవంటే చేతుల్తో కొట్టడమేనని ఎక్కడుంది? మిషన్ స్విచ్ ఓబులేసు వేస్తే అదీ సేవే. రెండు పూటలా వేస్తాడు. వేసినన్నాళ్లు భూమి అతనిదే. నాగేంద్ర ఎందుకో వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పందం కాగితం నేనే రాశాను.
గెలిచాను. బస్సులో ఒక్కణ్నే నవ్వుకున్నాను.

జూలై 3.
స్విచ్ ఎక్కడుందో నేను అడగలేదు.
మంటపం లోపలి గోడకు ఉంది. ఓబులేసు పొద్దున్నే తలకు పోసుకుని పోతే పూజారి గడప దగ్గరే ఆపేశాడు. మేమెప్పుడూ గేటు బయటే గదా సామీ, నాకూ తోచలా అన్నాడు ఓబులేసు ఫోన్లో.
యంత్రానికి కులం లేదని మొన్ననే పత్రికకు రాసి పంపాను.

జూలై 5.
పులివెందుల బస్టాండులో మొగుడూ పెళ్లాలతో గంటసేపు వాదన. అట్రాసిటీ కేసు పెడదామన్నాను. లోపలికి పోవడం నీ హక్కన్నాను. ఓబులేసు వినలేదు. నాకు లోపలొద్దు సామీ, తోట కావాల అన్నాడు. పిరికివాడివన్నాను. పెంచలమ్మ భగ్గుమంది. నువ్వు బస్సెక్కి పోతావు, మేం యాడికి పోవాల, రేపు ఊర్లో మాకు నీళ్లు పోసేదెవురు, నీ బుక్కులా అంది.
చివరికి తేలింది ఒకటే. స్విచ్‌ను గేటు బయటికి మార్చమనాలి. ఇరవై అడుగుల వైరు పని.

జూలై 9.
స్విచ్ బయటికి రాలేదు. మొత్తానికే పోయింది. నాగేంద్ర కూతురు శిల్పది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ అమ్మాయి టైమర్ పంపింది. రెండు పూటలా దానంతటదే మోగుతుంది. వేళ మార్చాలంటే ఆమె అక్కడ సెల్ నొక్కితే చాలు. ఎవురూ ముట్టుకునేదే లేదు, ఇంగ గొడవేంది సారూ అన్నాడు నాగేంద్ర.
వాళ్లకు ఇరవై అడుగుల దూరంలోని గేటు కన్నా బెంగళూరు దగ్గర.

ఆగస్టు 20.
తోట ఖాళీ చేయించొద్దని కోర్టుకెక్కాను. స్టే రాలేదు. వాళ్ల ప్లీడరు నేను రాసిన కాగితాన్నే చదివాడు. స్విచ్ వేసినన్నాళ్లు. స్విచ్ పీకేసింది వీళ్లేనని మొత్తుకున్నాను. వాయిదా పడింది. ఓబులేసు వాయిదా తేదీ అడగలేదు. కాపు కోసుకున్నాక తోట అప్పజెప్తానని కమిటీకి వేలిముద్ర వేసి వచ్చేశాడట.
ఇప్పుడు ప్రొద్దుటూరు మార్కెట్లో మూటలు మోస్తున్నాడు.

సెప్టెంబర్ 14. సాయంత్రం ఆరు. పల్లె.
రేపు తోట అప్పగింత.
పూజారి ఊళ్లో లేడు. గుడికి తాళం. లోపల డప్పు మోగుతోంది. తోటలో పెంచలమ్మ చీనీకాయలు చివరి గంపకెత్తుతోంది. తలెత్తలేదు.