గోడవైపు తిప్పిన ఏరు

బావా,

బాగున్నావా? ఫ్రేము ఇంత ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. అద్దం రాలేదని నీకు ఫోన్‌లో మూడుసార్లు చెప్పాను కదా, అది అబద్ధం. అద్దం వచ్చి మూడు వారాలైంది. నీ ఫొటోనే షాపులో గోడవైపు తిప్పిపెట్టాను.

ఏరు ఫొటో తీసిన రోజు ఇద్దరం ఒకే గట్టు మీద నిలబడ్డాం. నేను ఠకీమని నొక్కేసి టీకి వెళ్లిపోయాను. నువ్వేమో మంచు కమ్మేదాకా ఆగి, స్టాండు వేసి, కెమెరా షటర్ అరనిమిషం తెరిచి ఉంచావట. నా దాంట్లో ప్రతి రాయీ, అవతలి ఒడ్డున కరెంటు స్తంభాలతో సహా లెక్కపెట్టుకోవచ్చు. నీ దాంట్లో స్తంభాలే లేవు, నీళ్లు పొగలా ఉన్నాయి.

పోయిన వారం మీ చెల్లెలు దాన్ని ఇటు తిప్పి చూసింది. "మీ ఫొటో చూస్తే ఏరు ఎక్కడుందో తెలుస్తుందండీ. మా అన్నయ్య ఫొటో చూస్తే అక్కడికి వెళ్లాలనిపిస్తుంది" అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

నిజం చెప్పొద్దూ, కుళ్లుకున్నాను. నీకు తెలియకుండా నాలుగు రోజులు షాపు ఆలస్యంగా తెరిచి, అదే గట్టు మీద నీలాగే తీశాను. నీకు పొగలా వచ్చిన నీళ్లు నాకు బట్టలుతికిన నీళ్లలా వచ్చాయి.

ఇవాళ పొద్దున కూర్చుని నీ ఫ్రేము కట్టేశాను. వెలుతురు పడినా మెరవని అద్దం వేశాను, నా ఫొటోలకు కూడా ఎప్పుడూ వేసుకోలేదు. దానికోసం ఎవరినీ పంపకు, ఇవ్వను. కెమెరా తీసుకుని నువ్వే రా. ఈసారి నేను టీకి వెళ్లను. అంతసేపు ఏం చూస్తూ ఆగుతావో పక్కనే ఉండి చూడాలి.

ఎప్పుడొస్తావు?